కోత పండగలో పాడుకున్న కుక్క

వద్దు పెద్దనాయనా, కుర్చీ వెయ్యొద్దు. నేను కూర్చోను. కూర్చుంటే చుట్టాన్నవుతా. ఈ పొద్దు నేను చుట్టపుచూపుకు రాలే.

రత్నమణి పెద్దమ్మా, నీకు దండం పెడతా, మజ్జిగ గూడా వద్దు. తాగితే నోరు చల్లబడతాది. ఈ పొద్దు నా నోరు చల్లబడకూడదు.

ఏమంటివి పెద్దనాయనా నన్ను? దొంగ అంటివి గదా? మొన్న ఆదివారం చర్చి అయినాక గుడి ముందర, చెప్పులేసుకుంటా, అందరూ వినేటట్టు, "మా తమ్ముని కూతురు ఆరాధన దేవుని సొత్తు ఎత్తుకపాయె" అంటివంట. నేను ఆడ లేను. కడపలో నా హాస్టల్లో నేనుంటి. మనిషి లేనప్పుడు అనేది, అదీ నీ ధైర్యం! ఇప్పుడు ఎదురుగ్గానే నిలబడినా. అను. ఇంకోసారి అను. ఇదో, దొంగసొత్తు గూడా నా చంకలోనే ఉండాది. కండ్లారా చూసుకో.

చూడు, దీనికి సిగ్గే లేదు. నీ గొంతు వినంగానే తోక ఊపుతాంది.

ఉలవ. దీని పేరు. నీకు తెల్దు. వేలంలో పాడుకున్నోనివి నువ్వే, పేరు అడిగినోనివి మాత్రం కాదు. "ఏయ్ కుక్కా" అంటే పలికేకి అదేమన్నా మీ ఇంట్లో కూలిమనిషా? కూలోళ్లను గూడా నువ్వు పేరు పెట్టి పిలవవులే. మా అమ్మను పిలుస్తాండావా? సొంత తమ్ముని పెండ్లాం, నీ చేన్లోనే కలుపు తీస్తాది, "ఓ విశ్వాసమ్మా" అని ఒక్కపారి నీ నోట్లో నుంచి వచ్చిందా?

సరే. అది వేరే లెక్క. ఈ పొద్దు అమ్మ మాట ఎత్తను. కుక్క మాటే.

ఇది యాడ్నుంచి వచ్చిందో నీకు తెల్దు గదా, విను. కడపలో మా హాస్టల్ వెనక బండలు పాలిష్ పట్టే షెడ్డు ఉండాది. ఆ రాతి నీళ్లు తెల్లగా పాల మాదిరి మడుగు కట్టింటాయి. ఆ మడుగులో మెడ దాకా కూరుకుపోయి, ఇది. తెల్లకుక్క అనుకొని ఎత్తుకొస్తిమి. బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తే లోపల్నుంచి ఉలవల రంగు బయటపడె. మొగమంతా గరుకు వెంట్రుకలు, మీసాలు, గడ్డం. మన గుడి పాత ఉపదేశి ఫోటో ఒకటి నా ఫోన్లో ఉంటే, మా రూము పిల్లలు అదీ ఇదీ పక్కపక్కన పెట్టి ఒకటే నగు.

పశువుల డాక్టరు చూసి టెర్రియర్ క్రాసు అన్యాడు. మోకాలెత్తు దాటదంట. ఇంట్లో మనుషుల కాళ్లల్లో తిరుక్కుంటా బతికే రకమంట. ఎవురో ముచ్చటకు తెచ్చుకోని, ముచ్చట తీరినాక ఆ షెడ్డు కాడ వదిలిపెట్టి పోయింటారు అన్యాడు.

మంచి ఇల్లు చూద్దామని ఫోన్లో ఫోటోలు పెడితి. అబ్బో, ఎన్ని ఫోన్లో! "జాతిదేనా?" అంటారు. క్రాసు అంటే సగం మంది ఆడికే పెట్టేసిరి. "ఎంత ఎత్తు పెరుగుతాది?" ఇంతే అంటే, "మరి దొంగోడు భయపడతాడా?" అన్నిటికీ ఒప్పుకున్నోళ్లు చివరాఖరికి అడుగుతారు చూడు, "మగదే గదా?" అని. ఆడది అంటి. "అయ్యో ఆడదా, వద్దులేమ్మా, ఈనుతాది." ఆపరేషన్ చేయించినాము, ఈనదు అంటి. అయినా వద్దంట. రాయచోటి నుంచి ఒకాయప్ప, సార్ అంట, బాగా చదువుకున్న గొంతు. "ఆడకుక్కను పెట్టుకుంటే వీధిలో మగకుక్కలన్నీ మన గేటు కాడే ఉంటాయి పాపా, మనకు మర్యాదగా ఉండదు" అన్యాడు.

తిరిగేది మగకుక్కలు. మర్యాద పోయేది దీనికి! "ఈ న్యాయం నాకు శానా బాగ తెలుసు సార్, చిన్నప్పట్నుంచి హాస్టళ్లలో మాకు గూడా ఇదే చెప్తాండారు" అని నేనే పెట్టేస్తి ఫోను.

నగొద్దు పెద్దనాయనా. నగేకి చెప్పలే నేను.

అప్పటికే వార్డెన్ నోరు చేసుకుంటాంది, కుక్కనన్నా బయటికి పంపు, నువ్వన్నా పో అని. కోత పండగకు ఎట్లాగూ ఊరికి రావాల గదా, ఊర్లో ఎవురన్నా తీసుకుంటారేమో అని గంపలో పెట్టి బస్సెక్కించుకొస్తి. ఆడ్నుంచి నీకు తెలిసిన కథే. అయినా చెప్తా. నువ్వు ఊరంతా చెప్పుకున్న కథ వేరే గదా.

గుడి ముందర ఇనుప కమ్మీ. కోత పండగనాడు ఆ కమ్మీకి ఏది కట్టితే అది కానుక. కోడి గానీ, పొట్టేలు గానీ. అయ్యగారు బయటికొచ్చి చేతులెత్తి ప్రార్థన చేస్తే ఇంక అది దేవునిది. కట్టినోళ్లకు గూడా కావాలంటే వేలంలో పాడుకోవాల్సిందే. ఇది ఊర్లో పాలు తాగే పిల్లోనికి గూడా తెలుసు. హాస్టళ్లలో పెరిగినదాన్ని, నాకు తట్టలే. అమ్మ గుమ్మడికాయ మోయలేక ఆయాసపడతాంటే, ఉలవను కమ్మీకి కట్టేసి, కాయెత్తుకోని లోపలికి పోతి. పీఠం ముందర పెట్టి బయటికొచ్చేలోగా ప్రార్థన అయిపాయె.

వేలం పాడించే లాజరు మామ సంగతి తెలుసు గదా, మైకు చేతికొస్తే ఆయప్పకు పూనకమే. తాడు విప్పి దీన్ని పైకెత్తి, "ఈ సంవత్సరం ప్రభువుకు మీసాలున్న గొర్రెపిల్ల వచ్చింది!" అనె. గుడి గుడంతా నగె. "అది నాది మామా" అని అరిస్తి. "ప్రార్థన పడిందమ్మా, ఇప్పుడు నీది కాదు. కావాలంటే పాడు" అన్యాడు. నా కాడ ఏముండాది, మళ్లా కడపకు పోయే చార్జీ.

జయపాల్ మామ నవ్వులాటకు పాట ఎత్తె. అంతే! జయపాల్ పాడితే నువ్వు ఊరకుంటావా? పోయినేడు మొదటి గుమ్మడికాయను నీ మీద పాడి పాడి ఆయప్ప ఎత్తుకపాయె. ఆ మంట నీకు ఏడాది పొడుగునా ఆరలే. ఆయన ఒకమాట, నువ్వొకమాట. ఆయన లుంగీ ఎగ్గట్టె, నువ్వు కండువా దులిపితివి. పొట్టేలు గూడా అంత పోలే ఆ పొద్దు! ఇద్దరిలో ఒక్కరన్నా కుక్క మొగం చూసిన్యారా? మీరు ఒకరి మొగం ఒకరు చూసుకుంటా పాడితిరి.

గెలిస్తివి. చప్పట్లు. దీన్ని ఎత్తుకోని ఫోటో దిగితివి. ఆ ఫోటో నా కాడ ఇంకా ఉండాది. నువ్వు కెమెరా దిక్కు చూస్తాంటావు, ఇది నీ గడ్డం నాకుతాంటాది.

నిజం చెప్పాల్నా? నేను సంబరపడితి. లోపల్లోపల నీకు మొక్కితి. ఎవురూ వద్దన్నదాన్ని మా పెద్దనాయన ఊరంతా చూస్తాండంగా గెలుచుకున్యాడే అనుకొంటి. పెద్ద ఇల్లు, పెద్దమ్మ చెయ్యి పెద్దది, దీనికేం తక్కువ అనుకొంటి. కడపకు పోయి ఫోటోలన్నీ తీసేసి, "ఇల్లు దొరికింది" అని పెడితి. ముక్కూ మొగం తెలియనోళ్లు గూడా దండాలు పెట్టిరి.

ఏ ఇల్లు పెద్దనాయనా? నువ్వు దాన్ని నీ గడప తొక్కనిచ్చినావా?

ఆ, చెప్పు, చెప్పు. కుక్క ఉండేది కాపలాకే గదా అంటావు. ఊర్లో అందరూ చేన్లకాడ కట్టుకుంటాండారు, నేనొక్కణ్నే చేసిన్యానా అంటావు. చేన్లకాడ ఊరకుక్కలుంటాయి, కట్టెయ్యకుండా వదిలిపెడతారు, పందొస్తే ఉరుకుతాయి, లేకుంటే కరుస్తాయి. నువ్వు దీన్ని కొండకింద శెనక్కాయ చేన్లో గుంజకు కట్టేసి వస్తివి. ఇంత పొట్టి తాడు! నీళ్లచట్టి ఒక దిక్కు, ఇది ఒక దిక్కు. అడవిపంది మూతి ఉంటాది దీనంత. అది వస్తే ఇదేం చేస్తాది? మీసాలు చూపించి బెదిరిస్తాదా?

అమ్మ కలుపుకు పోయి చూసె. చట్టి బోర్లపడింది. పంది కోర తగిలి దీని డొక్కన చర్మం చీలి, ఈగలు. నాకు ఫోన్ చేసి నిన్ను ఒక్క మాట అనలే అమ్మ. రేపు గూడా నీ చేనుకే పోవాల గదా, ఎట్లంటాది? "పాపా, మీ ఉలవ అరవడం మానుకునింది" అని అంతే అనె.

నేనొచ్చి తాడు కోసినా. అవును, కోసినా! కొడవలి గూడా నీదే, చేన్లో ఉన్నిది. దొంగతనం అంటే అదే అయితే, దొంగనే. ఇదో కుట్లు. ఇట్ల చూడు, ఆ పక్కకు తిప్పుకుంటావేం మొగం? వేలంలో గూడా చూడలే, ఇప్పుడన్నా చూడు.

పెద్దమ్మా, నువ్వెందుకు ఏడుస్తావు. నువ్వు ఆ చేనుకు పోలేదులే.

ఇప్పుడు ఎందుకొచ్చినానంటే. అరిచేకి కాదు. అరవడం నాకు ముందు నుంచీ వచ్చు, అందుకోసం అయితే ఫోన్లోనే అరుస్తా. ఒక పని మీద వచ్చినా. ఆ వీధి మూలకు చూడు. ఆటోలో పచ్చచీర కట్టుకోని కూర్చోనుంది చూడు ఒకామె. ఈరక్క. నందికొట్కూరు బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని బండి పెట్టుకుంటాది. ఆదోని దిక్కు నుంచి వచ్చినామె.

దీనికి కుట్లేయించుకొని పోతాంటే బస్సు తప్పిపాయె, ఆమె బండి కాడ కూర్చుంటిమి. ఆమె జాతి అడగలే. ఆడదా మగదా అడగలే. "ఏం తింటాదమ్మా ఇది?" అనె. అంతే. మెత్తటి బొరుగులు ఇంత పెడితే తినేసి, బండికింద ఆమె పాదం మీద తల పెట్టుకోని నిద్రపాయె. మళ్లా బస్సొచ్చె. ఆమె కాలు కదిలించలే. "నిద్ర చెడతాది, ఈడే ఉండనీ" అనె.

ఇల్లు దొరికె అనుకొంటి గదా? ఊరకుంటే బాగుండు. నా నోరు ఊరకుంటాదా? నీ పాట, నీ చేను, నా కొడవలి, అంతా చెప్తి, ఆమె నిన్ను తిడతాదని. ఆమె నన్ను తిట్టె! "దేవుని పేరున పాడుకున్నదాన్ని కోసుకొస్తివా? ఏ దేవుడైతే ఏమి, మా ఊర్లో దేవరకు వదిలినదాన్ని తాకం. పాడుకున్నాయప్ప తన చేత్తో తాడిస్తే తెచ్చుకుంటా. దుడ్లు అడిగినా ఇస్తా. లేకుంటే ఆ పాపం నాకంటుతాది" అని దీన్ని ఎత్తి నా ఒళ్లో పెట్టేసె. వాదించినా పెద్దనాయనా. మూఢనమ్మకం అంటి, చట్టం అంటి, దేవుడు అట్లా అనడు అంటి. అన్నీ విన్యాది. విని, "అయిందా? బజ్జీ తింటావా?" అనె.

అదీ సంగతి. ఈ పొద్దు బండి మూసుకోని నాతోపాటొచ్చె. మాపటి బేరానికి మళ్లా ఆమె పోవాల. హాస్టల్లో ఇన్నాళ్లు దాచిపెట్టినా, ఇంక దీనికి ఆడ జాగా లేదు; అమ్మ పొద్దున పోతే మాపటికొస్తాది, మాది ఒక్కటే గది, పొయ్యి పక్కనే పడుకుంటాది. ఈరక్క ఈ పొద్దు వట్టిచేతుల్తో పోయిందంటే ఉలవకు ఇంక ఇల్లు లేదు. నీ గుంజ ఉండాది, లేకుంటే ఆ రాతి మడుగు ఉండాది. నువ్వు చెయ్యాల్సింది ఏందంటే, లేచి, ఆ మూల దాకా వచ్చి, ఈ తాడు ఆమె చేతికియ్యాల. అంతే. కొత్త తాడు గూడా నేనే తెచ్చినా. పాతది కోస్తి గదా.

ఏంది?

అన్యురాలా! గుడికి రానోళ్లకు కానుక ఎట్లిస్తాము అంటాండావా? పెద్దనాయనా, నువ్వు పాడుకున్నదానికి మర్యాద ఇచ్చింది ఆమె ఒక్కతే! నువ్వు గుంజకు కట్టేస్తివి, నేను కొడవలితో కోస్తి. ఆమె తాకేకి గూడా భయపడె. మన ఇద్దరికంటే ఆమెకే ఉండాది భక్తి, మన దేవుని మీద!

జయపాల్ నగుతాడా? నగనీ. జయపాల్ నగకుండా ఉండేకి ఒక ప్రాణి పంది నోట్లో ఉండాల్నా?

ఆడపిల్లకు ఇంత నోరేంది అంటాండావు. ఎదురు చూస్తాంటి ఈ మాటకు. ఆలస్యమే అయింది. ఆడకుక్కయితే ఈనుతాదని వద్దు, ఆడపిల్లయితే మాట్లాడుతాదని వద్దు. ఇంతకూ మీకు ఏం కావాలప్పా? గుంజ దగ్గర అరవడం మానుకున్నది కావాల్నా?

కేసు పెడతానని బెదిరించేకి రాలే. పెట్టొచ్చు. పెడితే స్టేషన్ చుట్టూ మనిద్దరం తిరుగుతాము, తాడు మాత్రం నీ చేతిలో నుంచి ఈరక్క చేతికి రాదు. నాకు తాడే కావాల. ఇంక చెప్పేది అయిపోయింది. నీ పాట నువ్వు పాడు.

ఆ?

మళ్లా చెప్పు.

పెద్దమ్మా, విన్యావా? ఇస్తాడంట. ఊరకనే కాదంట. ఆదివారం గుడిలో నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలంట. మా పెద్దనాయన కానుకగా పాడుకున్నదాన్ని ప్రేమకొద్దీ ఒక పేదరాలికి ధర్మం చేసినాడని. నేనే తొందరపడి అపార్థం చేసుకున్నానని. అందరి ముందర. మైకులో. ఆ మరుసటి ఆదివారమే గదా సంఘపెద్దల ఎన్నిక? జయపాల్ మామ గూడా నిలబడినాడు గదా?

ఓహో.

కుట్ల సంగతి రాకూడదా సాక్ష్యంలో. ఊ. నీళ్లచట్టి? అదీ వద్దు. అమ్మ చూసె అనేది? అమ్మ పేరే రాకూడదు. అర్థమాయె.

ఇంతసేపూ నేనే మాట్లాడినా. నువ్వు రెండు ముక్కలు మాట్లాడి గెలిచేస్తివి. వేలం బాగా అలవాటు నీకు, ఎదుటోని కాడ ఏముందో చూసి పాడతావు. నా కాడ ఉండేదల్లా నోరే. దాన్నే పాడుకుంటివి.

ఉలవా, కదలొద్దు. కుట్లు లాగుతాయి.

ఆటో ఆయప్ప హారన్ కొడతాండాడు.

పెద్దనాయనా, నేను పోయే డిబేట్లలో ఎట్ల చేస్తారో తెలుసునా నీకు? ఏ పక్క మాట్లాడాలో మన ఇష్టం కాదు. చీటీ తీస్తారు. ఏ పక్కొస్తే ఆ పక్క. ఊరకుక్కల్ని పట్టి ఊరి బయటికి తోలాల అని ఒక కాలేజీలో నాకు చీటీ వచ్చె. మాట్లాడితి. ఎట్ల మాట్లాడితి అనుకున్యావు! హాలంతా లేచి చప్పట్లు. కప్పు ఇచ్చిరి. అమ్మ అందులో చక్కెర పోసుకుంటాది.

అట్లనే, ఆదివారం నీ పక్క చీటీ వచ్చె అనుకుంటా. మాట్లాడతా. సగం మనసుతో కాదు, అట్ల మాట్లాడేది నాకు రాదు. పెద్దమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంటాది. జయపాల్ మామ గూడా ఆమెన్ అనాల్సొస్తాది. లాజరు మామ మైకు వెనక్కి అడగడు. ఎంత బాగా మాట్లాడతానంటే, గుడి నుంచి ఇంటికొచ్చేలోగా నువ్వే నమ్ముతావు, నువ్వు శానా మంచోనివని. ఎన్నిక గూడా గెలుస్తావు. అమ్మ మాత్రం చివరి వరసలో కూర్చోని నా దిక్కు చూస్తాంటాది. చూడనీ. అమ్మకు నేను ఏం చెప్పుకుంటానో, అది నా బాధ.

లే ఇంక. చెప్పులేసుకో.

తాడు పట్టు. గట్టిగా కాదు! నిదానంగా పట్టు, అదేం గుంజకు కట్టలే ఇప్పుడు. నా మొగం చూడొద్దు, ఆమె మొగం చూసి ఇయ్యి. ఇచ్చేటప్పుడు పేరు గూడా చెప్పు. ఉలవ. అను ఒకసారి. ఉలవ. ఆ, అట్ల.

నడువు. చూడు, నీకంటే ముందర ముందర ఉరుకుతాంది పిచ్చిది. నువ్వే ఇంటికి తోడుకపోతాండావని అనుకునిందేమో. తోక చూడు!